నట్టు మీద సున్నం బొట్టు

ఫిబ్రవరి 3, 1958

పెట్రోలు బంకు వాళ్ళు ఈ డైరీ ఇచ్చారు. ఇచ్చేసరికి ఫిబ్రవరి వచ్చింది కాబట్టి జనవరి అంతా తెల్లకాగితాలే. మొదటి పేజీలో పేరు, ఊరు, సొంత వాహనం, వృత్తి అని గడులున్నాయి. పేరు తిమ్మప్ప. ఊరు హిందూపురం. వాహనం ఒక జీపు. మిలిటరీ వాళ్ళు వాడి వాడి వేలంలో వదిలించుకున్నది. దాని వెనక ఒక ట్రైలరు. వృత్తి గడి దగ్గర కలం ఆగిపోయింది. మోటారు సైకిళ్ళు మోయడం అని రాస్తే గడి చాలదు.

మాబుసాబ్‌ను అడిగాను. "మనుషుల్ని మోసేదానికి బస్సులుండాయి, బస్తాలు మోసేదానికి లారీలుండాయి. మోటారు సైకిల్ని చంటిబిడ్డ మాదిరి మోసేటోడివి ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివే గదప్పా. అదే రాయి" అన్నాడు. పొగిడాడో ఎగతాళి చేశాడో, ఆయన షెడ్డులో ఆరేళ్ళు పని నేర్చుకున్న నాకే తెలియలేదు. జనం బెంగుళూరులో పాత మోటారు సైకిళ్ళు కొంటారు. ఆయన బాగుచేస్తాడు. నేను వాటిని పెనుకొండకో ధర్మవరానికో మడకశిరకో చేరుస్తాను. రాళ్ళ దారిలో కొత్తగా బాగుచేసిన ఇంజను మీద స్వారీ చేసి పాడుచేయకుండా ఇంటి ముందు దించితే జనానికి అదొక గొప్ప.

ఫిబ్రవరి 12

ట్రైలరు పొట్టిది, మోటారు సైకిలు పొడుగు. ముందు చక్రం విప్పితేగాని పట్టదు. దించాక మళ్ళీ చక్రం ఎక్కించాలి. పరిగిలో ఇవాళ ఒక బండి దించి, చక్రం ఎక్కించి వచ్చాను. రాగానే మాబుసాబ్ అడిగింది ఒకటే మాట. "సున్నం పెట్టినావా?"

పెట్టాను. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఆ అలవాటు ఉండాల్సిందే. నట్టు బిగించిన వెంటనే సున్నపు డబ్బాలోంచి బొటనవేలితో కొంచెం తీసి ఆ నట్టు మీద బొట్టు పెట్టాలి. తెల్లగా కనబడితే బిగించినట్టు, కనబడకపోతే మళ్ళీ స్పానరు పట్టాలి. "నీ మనసును నమ్మొద్దు. బిగించకపోయినా బిగించేసినా అని చెప్తాది అది" అంటాడు. ఆయన ఆకు వక్క వేసుకుంటాడు కాబట్టి ఆయన జేబులో సున్నం ఉండటంలో వింత లేదు. నా జేబులో ఆకు లేదు, వక్క లేదు, సున్నపు డబ్బా మాత్రం ఉంది. అక్క చూస్తే నవ్వుతుంది.

మార్చి 2

అక్క ధర్మవరం నుంచి వచ్చింది. పెట్టె పెద్దదిగానే ఉంది. బావతో ఏదో మాట పట్టింపు. సినిమాకు తీసుకుపోతానని రెండుసార్లు మాట ఇచ్చి, రెండుసార్లూ పట్టు నూలు బేరం మీద ఎటో పోయాడట. ఇంతదానికి పుట్టింటికి రావాలా అన్నాను. "పుట్టిల్లంటే నువ్వే గదరా. నిన్ను సూసేదానికి సాకు కావాల్నా?" అంది.

అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్ళు, అక్కకు పన్నెండు. తరువాత కొన్నేళ్ళకు నాయన పోయాడు. నాకు అన్నం తినడం నేర్పింది, బడికి తోలింది, మాబుసాబ్ షెడ్డులో చేర్చింది మా నీలావతి అక్కే. ఇంట్లో మనిషి ఉంటే ఇల్లు వేరేగా ఉంటుంది.

మార్చి 8

బావ బెంగుళూరులో కొన్న మోటారు సైకిలు ధర్మవరం చేర్చాను. చక్రం బిగించి ఇచ్చాను. బావ వాళ్ళమ్మ ఆదెమ్మత్త ఉగ్గాని పెట్టింది, కారం ఎక్కువ. బావ చెన్నకేశవులు కొత్త పెళ్ళికొడుకులాగా బండి చుట్టూ తిరిగాడు.

"ఏమబ్బా తిమ్మా, మీ అక్క కోపం తగ్గిందా?"

"తగ్గలేదు బావా."

"దీని మీద వచ్చి ఎక్కించుకుని పోతా సూడు. బస్సులో వచ్చిన మొగుని మీద ఉండే కోపం మోటారు మీద వచ్చినోని మీద ఉంటాదా?"

మార్చి 17

అక్క కార్డు రాసింది. నాకు వినిపించింది కూడా. "ఈ శుక్రవారం సాయంత్రం ఐదు గంటల లోపల మీరు వచ్చి పిలుచుకుని పోకపోతే నేను మళ్ళీ మీ గడప తొక్కను." రాసేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది. పోస్టు డబ్బాలో నేనే వేశాను.

మార్చి 21, శుక్రవారం

ఐదయింది. ఆరయింది. బావ రాలేదు.

మార్చి 22

ఎర్రమంచి దగ్గర కల్వర్టు. పెనుకొండ ఆసుపత్రికి తెచ్చేసరికే బావ లేడు.

మార్చి 25

ఎర్రమంచి వాళ్ళలో చూసినవాడు ఒక్కడున్నాడు. "గాలి మాదిరి వస్తాండె. మలుపు కాడ ముందు చక్రం పట్టేసినట్లయి ఎగిరి పడె" అన్నాడు. రెండుసార్లు అదే చెప్పాడు. నేను రెండుసార్లు అడిగాను కాబట్టి.

ఏప్రిల్ 2

దినాలు అయిపోయాయి. పోలీసులు బావ జేబులోని వస్తువులు ఇచ్చారు. అందులో కార్డు ఉంది. ఆదెమ్మత్త దాన్ని పక్కింటాయన చేత బంధువులందరి ముందూ చదివించింది. ఐదు గంటల లోపల అన్న చోట ఆపించి మళ్ళీ చదివించింది. "నా కొడుకును గడియారం పెట్టి తరిమి సంపింది" అంది. అక్క తల ఎత్తలేదు. కాదు అనలేదు. ఆ కార్డును ఎంత నవ్వుతూ రాసిందో నేను చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ఏప్రిల్ 5

స్పానరు కోసం జీపులోని పనిముట్ల డబ్బా బోర్లించాను. అడుగున తుప్పు బోల్టుల మధ్య మెరుస్తున్న నట్టు ఒకటి దొరికింది. ముందు బ్రేకు పట్టీ నట్టు సైజు. ఏదో పాత బండిది అయి ఉంటుంది.

ఏప్రిల్ 6

పాత బండిదే.

ఏప్రిల్ 9

ఆ సైజు నట్టు ఈ మధ్య నేను మోసిన బండ్లలో బావ బండికి తప్ప దేనికీ లేదు.

రాసి పెట్టుకుంటే తల తేలికవుతుందేమో. ముందు బ్రేకు కదలకుండా, చక్రాన్ని పట్టుకునే ఫోర్కుకు పట్టి ఉంచే పట్టీ ఒకటి ఉంటుంది. దానికొక బోల్టు, నట్టు. చక్రం విప్పాలంటే ఆ నట్టు తీయాలి. ఎక్కించాక పెట్టడం మరిచిపోతే వెంటనే ఏమీ కాదు. పది రోజులో పదిహేను రోజులో నడుస్తుంది. అదిరి అదిరి బోల్టు జారిపోతుంది. ఆ తరువాత బ్రేకు పట్టగానే అది చక్రంతోపాటు తిరిగి ముందు చక్రం పట్టేస్తుంది. మనిషి ఎగిరి పడతాడు.

మార్చి 8 పేజీ తీసి చూశాను. "చక్రం బిగించి ఇచ్చాను" అని ఉంది. సున్నం పెట్టానని లేదు. ఆదెమ్మత్త ఉగ్గానికి పిలుస్తోంది, బావ మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ రోజు కారం గుర్తుంది. బావ నవ్వు గుర్తుంది. నా బొటనవేలు ఏం చేసిందో గుర్తు లేదు.

ఏప్రిల్ 20

మోటారు సైకిలు పెనుకొండ పోలీసు స్టేషను ఆవరణలో ఉందట. తెచ్చి ధర్మవరంలో దించమని ఆదెమ్మత్త కబురు పంపింది. జీపు గేరు చెడిపోయిందని చెప్పి పంపాను. జీపు గేరు బాగానే ఉంది. వాళ్ళు లారీలో తీసుకుపోయారు.

జూన్ 11

అక్కను హిందూపురం పంపించేశారు. మళ్ళీ అదే పెట్టె.

ఆగస్టు 30

అక్క శుక్రవారాలు అన్నం తినడం లేదు. పక్కింటి వాళ్ళు అమ్మవారి ఒక్కపొద్దు అనుకుంటున్నారు. మంచి పేరు వచ్చింది.

జనవరి 19, 1959

కొత్త డైరీ తీసుకోలేదు. దీంట్లో తెల్లగా మిగిలిన జనవరి పేజీలు ఉన్నాయి కదా. నేను రాసేది ఎంతని.

జీపును, ట్రైలరును అమ్మేశాను. పాత ఫోర్డు పికప్పు కొన్నాను. వెనక తొట్టి పొడుగు. మోటారు సైకిలు చక్రం విప్పకుండానే పడుతుంది. వెడల్పాటి పలక వాల్చి, కింద గోనె సంచులు పరిచి, హ్యాండిలుకు రెండు వైపులా తాళ్ళు కట్టితే చాలు. స్పానరు ముట్టుకునే పని లేదు. "మంచి బుద్ధి పుట్టింది నీకు" అన్నాడు మాబుసాబ్.

నట్టు డబ్బాలోంచి తీసి నా చొక్కా జేబులో వేసుకున్నాను. ఎందుకో తెలియదు. సున్నపు డబ్బా ఉండే జేబే అది.

మే 4, 1959

అక్కలో ఒకటి గమనించాను. నేను బయలుదేరేటప్పుడు ఇదివరకు "బిరీన రా" అని తొందరపెట్టి కేకవేసేది. చిన్నప్పటి నుంచి అదే మాట. ఇప్పుడు, "మెల్లగా రా. లేటయినా ఏమీ కాదు. ఈ పొద్దు రాకున్నా ఏమీ కాదు" అంటోంది. పాలవాడితో కూడా అంతే. పాలు విరిగిపోయే ఎండలో వాడు పదకొండు గంటలకు వస్తున్నాడు, ఒక్క మాట అనదు. కార్డులూ ఉత్తరాలూ రాయదు. పోస్టుమన్ వస్తే లోపలికి పోతుంది.

చెప్పేయాలి. కార్డు కాదక్కా, నట్టు అని. రెండే మాటలు.

మే 5

చెప్పలేదు. మడకశిర బండి ఒకటి ఉండింది.

నవంబరు 2, 1960

ఫోర్డు గురించి రాయాలంటే చాలా ఉంది. రేడియేటరు కారుతుంది. ఎర్రమంచి ఎత్తు ఎక్కేటప్పుడు ఆగి నీళ్ళు పోయాలి. కల్వర్టు దగ్గరే ఆగుతుంది. వేరే ఎక్కడా ఆగదు. నీళ్ళు పోసేటప్పుడు రోడ్డు వైపు వీపు పెట్టి నిలబడతాను.

మార్చి 21, 1961

మూడేళ్ళు. అక్క అడిగింది, "ఆ పొద్దు నేను శనివారం అని రాసింటే?" అని. నేను రేడియేటరు గురించి ఏదో అన్నాను.

జూలై 8, 1962

ఫోర్డు పోయింది. మూడు చక్రాల టెంపో వచ్చింది. రెండు మోటారు సైకిళ్ళు పక్కపక్కన పడతాయి, ఒకదాని హ్యాండిలు ఇంకొకదానికి తగలకుండా మధ్యలో పాత పరుపు పెడతాను. బెంగుళూరు నుంచి కొత్త మోడళ్ళు వస్తున్నాయి. పని బాగా ఉంది. నన్ను హిందూపురంలో టెంపో తిమ్మప్ప అంటున్నారు. ధర్మవరం బేరాలు ఈ మధ్య మానేశాను. సొంత బావ పోయిన దారి కదా, పాపం అంటారు. పెనుకొండ దాకా పోతాను, దాటను.

జూలై 22, 1962

ఈ రోజు చెప్పాలని అక్కను టెంపోలో పరిగికి తీసుకుపోయాను. కొత్త బండి, ఒక తిప్పు తిప్పుతానన్నాను. ఊరు దాటాక మొదలుపెట్టాను.

"అక్కా, బావ బండి..."

"ఏమంటాండావు?"

"బావ బండి!"

"వినపడలేదురా! ఈ చప్పుడేంది, గిన్నెలన్నీ గూడులోంచి పడినట్లు!"

"ఏం లేదు!"

ఆపి చెప్పవచ్చు. ఇంజను ఆపితే చప్పుడు ఉండదు, అంత తెలియనివాణ్ణి కాదు. పరిగిలో చెరుకు రసం తాగి వచ్చాం. అక్క చాలా రోజుల తరువాత నవ్వింది, టెంపో మీద.

చెప్తే ఏమవుతుంది? అక్క మీద నింద పోతుంది. నాకు అక్క ఉండదు. ఈ రెండో మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. నేను భయపడుతున్నది దానికే. మిగిలినవన్నీ సాకులు.

జనవరి 1964

తేదీ చూడలేదు. పని. తాళ్ళు మార్చాలి.

ఫిబ్రవరి 16, 1965

పెళ్ళి సంబంధం వచ్చింది. వద్దన్నాను. అక్క కారణం అడిగింది. జేబులో నట్టు పెట్టుకుని తిరిగేవాడు ఏం కారణం చెప్తాడు? టెంపో మార్చాలి, ఆ తరువాత చూద్దాం అన్నాను.

ఏప్రిల్ 3, 1966

టెంపో మార్చాను. మహీంద్రా వాళ్ళ ట్రక్కు. ముందు మూతి లేదు, డ్రైవరు నేరుగా అద్దం ముందు కూర్చుంటాడు. తొట్టి చాలా పొడుగు. తొట్టిలో ఇనుప కొక్కేలు వేయించాను, ఇక ముడులు జారవు. ఇంతకంటే మంచి బండి నాకు అక్కర్లేదు. నిజానికి పెద్దదీ పొడుగుదీ అని వెతుక్కుంటూ పోవడానికి ఇక సాకు కూడా మిగలలేదు. ఇందులో మోటారు సైకిలు చక్రంతోనే కాదు, మనిషితో సహా పడుతుంది.

నవంబరు 6, 1966

ఆదెమ్మత్త దగ్గరి నుంచి ఉత్తరం. ఎవరి చేతనో రాయించింది. చూపు మందగించిందట. మోటారు సైకిలును గాండ్లపెంట రైతు ఒకాయన ఇంజను కోసం అడుగుతున్నాడట. "దాన్ని మాబుసాబ్ కాడికి చేర్చు, ఆయన్నే ఇంజను విప్పిమ్మను. ఈసారన్నా గేరు చెడిపోలేదు కదా" అని ఉంది. ఎనిమిదేళ్ళ కిందటి అబద్ధం ఆమెకు గుర్తుంది.

నవంబరు 9, బుధవారం

వరుసగా రాస్తాను.

పొద్దున ధర్మవరం చేరాను. మోటారు సైకిలు మగ్గాల ఇంటి వెనక కొట్టంలో ఉంది. గోనె పట్టాలు కప్పి తాడు చుట్టారు. విప్పలేదు. ముందు చక్రం వంకర కాబట్టి ఇద్దరు మనుషుల చేత ఎత్తించి, పట్టాలతోనే కొక్కేలకు కట్టాను. ఆదెమ్మత్త గోడ పట్టుకుని వచ్చి నిలబడింది.

"నీలావతి ఎట్లుండాది?"

"ఉండాది."

"కార్డు నా పెట్టెలోనే ఉండాది. కండ్లు కనపడకున్నా యాడుండాదో తెలుసు నాకు."

ట్రక్కు ఎక్కాను.

సగం దారిలో ఆగి తాళ్ళు చూసుకోవడం నా పద్ధతి. ఈ దారిలో సగం అంటే ఎర్రమంచి. కల్వర్టు దగ్గర ఆపి వెనక్కి పోతే, గాలికి ముందు వైపు గోనె పట్టా లేచిపోయి ఉంది. ఫోర్కు కనబడుతోంది. ఎదురు ఎండ. చూడకూడదనుకుంటూనే చూశాను.

నట్టు ఉంది.

ఫోర్కు లోపలి వైపున, బ్రేకు పట్టీ చివర, ఉండాల్సిన చోట నట్టు ఉంది. దాని మీద దుమ్ము. వేలితో తుడిచాను. దుమ్ము కింద తెల్లటి బొట్టు. గట్టిపడి రాయిలా అయింది. నా బొటనవేలి గీతలు కూడా అందులో అచ్చుపడి ఉన్నాయి. వేలు పెట్టి చూసుకున్నాను. సరిపోయింది.

కల్వర్టు మీద కూర్చున్నాను. సంతోషం వేయాలి కదా. నేను బావను చంపలేదు. పైకి కూడా అన్నాను, ఎవరూ లేరు కాబట్టి. ఏమీ అనిపించలేదు. మలుపు దగ్గర రోడ్డు మీద ఇసుక ఉంది. వేగంగా వచ్చినవాడు ఇసుకలో బ్రేకు గట్టిగా పట్టినా ముందు చక్రం పట్టేస్తుంది. దానికి నట్టు ఊడిపోవాల్సిన పని లేదు. తొందర ఉంటే చాలు.

తొందర ఎందుకొచ్చిందో ఆదెమ్మత్త పెట్టెలో ఉంది.

ఎనిమిదేళ్ళుగా నా దగ్గర ఒక నిజం ఉంది, అక్కకు ఇస్తే నింద పోతుంది, నేను ఇవ్వలేకపోతున్నాను అనుకుంటూ బతికాను. ఇవాళ ఇద్దామన్నా నా దగ్గర ఏమీ లేదు.

నవంబరు 9, సాయంత్రం

మోటారు సైకిలు మాబుసాబ్ షెడ్డులో దించాను. జేబులోంచి నట్టు తీసి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇది నేను బెంగుళూరు నుంచి తెప్పించింది గదప్పా. మీ బావ బండి సైజు ఈడ దొరకదని ఒకటి ఎక్కువ తెప్పించి నీ డబ్బాలో ఏసినా. నీకు చెప్పినా గదా."

"చెప్పలేదు."

"చెప్పినానే!"

"చెప్పలేదు మాబన్నా."

ఆయన నట్టును నా ముందుకు తోశాడు. తరువాత అన్నాడు, "చెప్పినాననే ఇన్నేండ్లూ అనుకుంటాండా. నువ్వన్నా అడిగింటే ఆ పొద్దే తెలిసిపోవు గదరా."

అడిగి ఉంటే. ఒక్క మాట.

నవంబరు 10

రోజంతా షెడ్డులో కూర్చున్నాను. సాయంత్రం లేచి స్పానరు తీసుకుని బావ బండి మీది నట్టు విప్పాను. ఎనిమిదేళ్ళ తుప్పు, కష్టంగా వచ్చింది. బోల్టు కూడా లాగేశాను. మాబుసాబ్ చూస్తూ ఉన్నాడు.

"ఏం జేస్తాండావు?"

చెప్పాను.

"పిచ్చి పట్టిందా? నట్టు మరిచిపోయి బావను సంపినోడని ఆదెమ్మ మూడు ఊర్లూ చాటుతాది. రేపటి నుంచి నీకు బండి ఎవడిస్తాడు?"

"ఇవ్వకుంటే బస్తాలు మోస్తా."

"నీలావతమ్మ నీ మొగం సూడదు."

"తెలుసు."

ఆయన సున్నపు డబ్బా తీశాడు, మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. ఆకు వేసుకోలేదు. వద్దనలేదు.

నవంబరు 11, శుక్రవారం

మధ్యాహ్నం అక్క చేటలో శనక్కాయలు వలుస్తోంది. ఒక్కపొద్దు. జేబులోని నట్టు తీసి చేటలో కాయల మధ్య పెట్టాను.

"ఏందిరా ఇది?"

"బావ బండి నట్టు. ముందు బ్రేకుది. ఆ పొద్దు నేను బిగించేది మరిచిపోయినా అక్కా. ఆయన దినాలైనాక నా డబ్బాలో దొరికె."

అక్క నట్టును చేతిలోకి తీసుకుంది. కాయ వలిచినట్టే వేళ్ళతో తిప్పింది. లేచింది. చెప్పులు వేసుకోకుండానే షెడ్డుకు నడిచింది. ఆమె అక్కడికి వచ్చి ఏళ్ళయింది. బండి ముందు కూర్చుని, యాడ అని అడిగింది. చూపించాను. ఖాళీ రంధ్రంలో వేలు పెట్టింది. వేలు లోపల ఉంచే మాబుసాబ్‌ను అడిగింది.

"మాబన్నా, ఇది లేకుంటే పడతారా?"

"పడతారమ్మా."

"ఎవురైనా?"

"ఎవురైనా."

"మెల్లగా వచ్చినా?"

మాబుసాబ్ నా వైపు చూశాడు. ఆయన ఐదు పూటలా నమాజు చేసే మనిషి. అబద్ధం చెప్పగా నేను వినలేదు.

"మెల్లగా వచ్చినా పడతారమ్మా" అన్నాడు.

అక్క లేచి వచ్చి నన్ను చెంప మీద కొట్టింది. రెండో చెంప మీద కూడా కొట్టింది. చిన్నప్పుడు కూడా ఎప్పుడూ కొట్టలేదు.

"ఎనిమిదేండ్లు రా! ఆ కార్డు నా నెత్తిన పెట్టి, నువ్వు బండ్లు మార్చుకుంటా తిరిగినావు! నేను రాత్రీ పగలూ ఎట్ల సస్తాంటినో సూస్తానే ఉండినావు గదరా!"

దెబ్బలు అబద్ధానికి పడలేదు. ఆమె అన్నదాంట్లో ప్రతి ముక్కా నిజం. నిలబడ్డాను. చెంపలు మండాయి. ఎనిమిదేళ్ళలో నాకు ఏదైనా అనిపించడం అదే మొదలు, ఏడ్చాను. అక్క నాకంటే గట్టిగా ఏడ్చింది, షెడ్డు గడప మీద కూర్చుని, కొత్తగా కబురు విన్నదానిలాగా.

చీకటి పడకముందే ఇంటికి పోయి పొయ్యి వెలిగించింది. నాకు పెట్టలేదు. తాను తిన్నది. వంటింటి గోడకు ఇవతల కూర్చుని కంచం చప్పుడు విన్నాను. శుక్రవారం, అన్నం తిన్నది.

నవంబరు 12

మాటలు లేవు. గిన్నె మూత పెట్టి నా ముందు వదిలి పోతోంది.

పాలవాడు పదకొండింటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబెట్టి దులిపేసింది. వాడు నన్ను చూసి, ఏమైంది అన్నట్టు చెయ్యి తిప్పాడు.

ఈ పేజీలు చింపేద్దామని పట్టుకున్నాను. అక్కకు చదువు వచ్చు. చింపలేకపోయాను. ఒక్క చోటన్నా ఉన్నది ఉన్నట్టు ఉండనీ. సున్నం బొట్టున్న నట్టును, డైరీని మాబుసాబ్ పెట్టెలో పెడతాను. ఆయన చదువుకోలేదు, అయినా ఆయనకు తెలుసు.

నవంబరు 13, ఆదివారం. పెనుకొండ, టీ అంగడి

పెట్టెలో పెట్టేముందు ఇంకొక్క పేజీ.

ధర్మవరం పోతున్నాను. ఆదెమ్మత్తకు నా నోటితో చెప్పి, కార్డు అడిగి తేవాలి. అక్క చెప్పి పంపింది, నాతో కాదు, మాబుసాబ్‌తో. ఇచ్చేదాకా ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంటాను. తిట్టనీ. రేపటికల్లా మూడు ఊర్లకూ తెలుస్తుంది. నిన్ననే మడకశిర బేరం ఒకటి వద్దనుకుని పోయింది, ఎవరు చెప్పారో మరి.

పొద్దున ట్రక్కు స్టార్టు చేస్తుంటే అక్క వాకిట్లోకి వచ్చింది. నా వైపు చూడలేదు. ట్రక్కు చక్రాల వైపు, ఒక్కొక్క చక్రం వైపు చూసింది. గేటు దాటుతుంటే వెనక నుంచి గట్టిగా అంది.

"బిరీన రా!"

టీ చల్లారింది. రాయడం ఆపి లేవాలి, బిరీన రమ్మంది.